అరబీ కోసం కైరోలో పది నెలలు: తిరిగొచ్చిన రెండేళ్లకు రాస్తున్నా

వచ్చిన వెంటనే రాసుంటే ఇది వేరేలా ఉండేది, అప్పుడంతా కొత్త మోజు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో, అరబ్ దేశాల నుంచి వచ్చే పేషెంట్లకు దుబాసీగా పని చేస్తున్నా. కాబట్టి ఆ పది నెలల్లో ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో కాస్త తెలిసొచ్చింది.

2023 సెప్టెంబర్‌లో వెళ్ళి 2024 జూన్‌లో వచ్చేశాను. ఒకప్పుడు అరబీ నేర్చుకోవాలంటే చాలామంది డమాస్కస్ వెళ్ళేవాళ్లు. 2011లో సిరియాలో గొడవలు మొదలయ్యాక జోర్డాన్ రాజధాని అమ్మాన్, ఈజిప్టు రాజధాని కైరోల వైపు మళ్లారు. నేను కైరో ఎంచుకోవడానికి పెద్ద కారణమేం లేదు, చవక, అంతే. జోర్డాన్ దినార్ డాలర్ కన్నా ఖరీదు, ఆ లెక్క చూసే ఆగిపోయా.

అసలు చిక్కేంటంటే అరబీ ఒకటి కాదు. పుస్తకాల్లో, వార్తల్లో ఉండేది ఫుస్‌హా, వీధిలో ఉండేది ఆమ్మియా. ఇక్కడ మూడేళ్లు ఫుస్‌హా చదివి వెళ్ళిన ధైర్యంతో, దొక్కీ అనే పేటలో కిరాణా కొట్టుకెళ్లి "ఉరీదు ఖుబ్జన్" అన్నాను, రొట్టె కావాలని. కొట్టతను నవ్వాపుకోలేక పక్క కొట్టువాణ్ణి కూడా పిలిచి చెప్పాడు. మన దగ్గర ఎవరైనా కొట్టుకొచ్చి "నాకు తండులములు కావలయును" అంటే ఎలా ఉంటుందో అలా ఉంది నా పని. అక్కడ రొట్టెని ఐష్ అంటారు, ఆ మాటకి బతుకు అని కూడా అర్థం. మనకి గిడుగు రామమూర్తి గారు పోరాడి వాడుక భాషని బడిలోకి తెచ్చారు గానీ, అక్కడ ఆ రెండింటి మధ్య దూరం ఇప్పటికీ అలాగే ఉంది.

నేను చేరిన ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పను. పొద్దున మూడు గంటల క్లాసు, ఎనిమిది మందిమి, బ్రేక్ రాగానే అందరం ఇంగ్లీషే. మొదటి మూడు నెలలు ఇ'అరాబ్, అంటే మాట చివర ఏ విభక్తికి ఏ అచ్చు రావాలన్న వ్యాకరణం. ఇదంతా హైదరాబాద్‌లో కూర్చునే చదువుకోవచ్చు, దీనికోసం విమానం ఎక్కక్కర్లేదు. ఆమ్మియా క్లాసులు కూడా ఉంటాయని ఫీజు ముందే మొత్తం కట్టించుకుని, తర్వాత స్టూడెంట్లు సరిపోలేదని ఎత్తేశారు. డబ్బు వెనక్కి అడిగితే "బుక్రా, ఇన్షాల్లా" అన్నారు, రేపు, దేవుడి దయుంటే అని. ఆ రేపు నేను విమానం ఎక్కేదాకా రాలేదు.

నాలుగో నెలలో క్లాసు మానేసి, రిటైరైన ఒక స్కూల్ టీచరమ్మ దగ్గర రోజూ రెండు గంటలు ఒక్కదాన్నే ఆమ్మియా చెప్పించుకున్నా. అసలు చదువు అప్పుడు మొదలైంది. పప్పు, అమ్మ, కన్ను అనే మనకి ఒత్తులు సులువు, అందులో ఆవిడ మెచ్చుకున్నారు. కానీ గొంతు లోపల్నుంచి తీయాల్సిన ఐన్ అక్షరానికి నెల పట్టింది. ఇంకో రోగం, ప్రతి మాట చివరా నా నోటికి ఉకారం వచ్చేస్తుంది. "బింత్" (అమ్మాయి) అనమంటే "బింతు". ఆవిడ వేలెత్తి "ఊ!" అనేవారు.

తెలిసిన మాటలు దొరికితే మహా సరదా. బాకీ మనకి అప్పు, వాళ్లకి కొట్టువాడు తిరిగిచ్చే చిల్లర, పలకడం మాత్రం "బాఈ", ఎందుకంటే కైరోలో ఖాఫ్ అక్షరాన్ని మింగేస్తారు. రుసుము అక్కడా రుసూమే, ఫీజులన్న అర్థంలోనే. జవాబు మాత్రం "గవాబ్" అయిపోయి ఉత్తరం అని అర్థం మారింది.

నా నిజమైన లాబ్ మైక్రోబస్సు. దానికి కండక్టరుండడు, వెనకవాళ్లు డబ్బులు ముందుకి అందిస్తారు, డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నవాళ్లే వసూలు చేసి చిల్లర వెనక్కి పంపాలి. ముగ్గురివి తీసుకో, ఇద్దరివి తీసుకో, నా బాఈ ఏది అని నాలుగు వైపుల నుంచి అరుస్తుంటే, అందులోనూ ఇరవై ఐదుని వాళ్లు "ఐదూ ఇరవై" అని తిరగేసి చెబుతుంటే, మొదటిసారి ఏడుపొచ్చింది. నెల తిరిగేసరికి కావాలనే అక్కడ కూర్చునేదాన్ని. మెట్రోలో ఆడవాళ్ల పెట్టె ఇంకో బడి. పెళ్లయిందా, పిల్లలెందరు, అమితాబ్ బచ్చన్‌ని చూశావా, ఈ మూడు ప్రశ్నలకి ధారాళంగా జవాబు చెప్పడం వచ్చేసింది. వీధిలో మాత్రం వెకిలి మాటలు, వెంటపడటాలు ఉంటాయి, ఒంటరిగా వెళ్ళే అమ్మాయిలు ఇది తెలుసుకునే వెళ్ళండి.

2024 మార్చిలో వాళ్ల పౌండు ఒక్కసారిగా డాలర్‌కి 31 నుంచి 50 దగ్గరికి పడిపోయింది. నాకు ఖర్చు తగ్గిందని సంతోషించబోయి టీచరమ్మ మొహం చూసి ఆగిపోయా. ఆవిడ అడగలేదు, నేనే ఫీజు పెంచాను.

ఇక ఇక్కడికొచ్చాక సంగతి. ఈజిప్టు సినిమాలు, సీరియళ్లు అరబ్ దేశాలన్నిట్లోనూ చూస్తారు కాబట్టి నేను మాట్లాడేది పేషెంట్లందరికీ అర్థమవుతుంది. వాళ్లు మాట్లాడేది నాకర్థం కావాలిగా! ఒక్క "కావాలి" అన్న మాట చూడండి, కైరోలో ఆయిజ్, అమ్మాన్‌లో బిద్దీ, ఇరాక్‌లో అరీద్, సూడాన్‌లో దాయిర్. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఒక యెమెన్ పెద్దాయన "అష్తీ మా" అని రెండుసార్లు అన్నారు. మంచినీళ్లు కావాలంటున్నారని వాళ్లబ్బాయి ఈజిప్టు యాసలో చెబితే గానీ తెలియలేదు.

కాబట్టి వ్యాకరణం ఇక్కడే పూర్తి చేసుకుని వెళ్ళండి, ఏ దేశం వాళ్లతో పనుందో చూసుకుని ఊరు ఎంచుకోండి, గ్రూప్ క్లాసుకి ఒకేసారి డబ్బు కట్టకండి. దుబాయ్ మాత్రం వద్దు, అక్కడ హిందీ, ఇంగ్లీషుతోనే రోజు గడిచిపోతుంది, కరీంనగర్ వైపు గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్లనడిగినా ఇదే చెబుతారు. నేనైతే మళ్ళీ కైరోకే వెళ్తా, కాకపోతే ఆరు నెలలకే. ఆ యెమెన్ పెద్దాయన డిశ్చార్జ్ రోజు నన్ను చూపించి కొడుకుతో ఏదో అని నవ్వారు. ఏంటని అడిగితే, "ఈ అమ్మాయి సీరియల్లో హీరోయిన్‌లా మాట్లాడుతోంది" అన్నారట.