విజయనగరంలో కెమిస్ట్రీ ప్రాబ్లమ్స్ మెటీరియల్ కొనేవాళ్లు జాగ్రత్త

ఇంటర్ ఫస్టియర్ పిల్లలున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. గంటస్తంభం దగ్గర ఒక షాపులో మోల్ కాన్సెప్ట్ (పదార్థాన్ని మోళ్లలో కొలిచే పద్ధతి), గ్యాస్ లాస్ (వాయు నియమాలు) లెక్కలున్న స్పైరల్ బైండింగ్ మెటీరియల్ అమ్ముతున్నారు. ‘పూర్తి సొల్యూషన్లతో’ అని అట్ట మీదే ఉంటుంది. రాసినవాళ్ల పేరు గానీ, ప్రింటు చేసినవాళ్ల అడ్రసు గానీ ఎక్కడా లేవు. మా అమ్మాయి కోసం 450 రూపాయలు పెట్టి కొన్నాం. అచ్చుతప్పులైతే సర్దుకుపోదుం, ఇందులో లెక్క చేసే పద్ధతే తప్పు.

ఒకటి చూడండి. 28 గ్రాముల నైట్రోజన్, 4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా చర్య జరిపితే ఎంత అమ్మోనియా వస్తుంది? మెటీరియల్‌లో జవాబు 34 గ్రాములు. వేసిందే మొత్తం 32 గ్రాములైతే 34 ఎక్కడి నుంచి వస్తాయండీ? ఒక మోల్ నైట్రోజన్‌కి, అంటే ఆ 28 గ్రాములకి, 3 మోళ్ల హైడ్రోజన్, అంటే 6 గ్రాములు కావాలి. ఉన్నది 4 గ్రాములే కాబట్టి ముందు అయిపోయేది హైడ్రోజన్, అదే లిమిటింగ్ రీజెంట్. ఆ లెక్కన వచ్చేది 22.67 గ్రాముల అమ్మోనియా, మిగిలేది 9.33 గ్రాముల నైట్రోజన్. రెండూ కలిపితే మళ్లీ 32.

మా అమ్మాయి సొంతంగా చేసి సరిగ్గా 22.67 తెచ్చింది. వెనక 34 అని చూసి, తనదే తప్పనుకుని లెక్క మొత్తం అడ్డంగా కొట్టేసింది. డబ్బు పోతే పోయింది, నోట్సులో ఆ కొట్టివేత చూస్తే కడుపు తరుక్కుపోయింది.

గ్యాస్ లాస్ కూడా అంతే. పీడనం మారకుండా 27 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న 2 లీటర్ల వాయువుని 54 డిగ్రీలకి వేడి చేస్తే 4 లీటర్లట! 273 కలిపి కెల్విన్‌లోకి మార్చితే 300 నుంచి 327, జవాబు 2.18 లీటర్లు. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర మోలార్ ఘనపరిమాణం, అంటే ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు, ఒక పేజీలో 22.4, ఇంకో పేజీలో 22.7 లీటర్లు. 1 అట్మాస్ఫియర్ అయితే మొదటిది, 1 బార్ అయితే రెండోది. ఏ పీడనమో చెప్పకపోతే పిల్లలు ఏది పెడతారు?

షాపుకి తీసుకెళ్లి చూపిస్తే, ‘మేం అమ్మేవాళ్లం సార్, రాసేవాళ్లం కాదు. వాపసు తీసుకోం’ అన్నారు. బిల్లు కూడా తెల్లకాగితం మీద రాసిచ్చిందే.

ఇలాంటివి కొనాల్సి వస్తే షాపులోనే ఒక లిమిటింగ్ రీజెంట్ లెక్క తీసి, జవాబు వేసినదాని బరువుకి మించిందేమో చూడండి. గ్యాస్ లెక్కల్లో ఉష్ణోగ్రతకి 273 కలిపారో లేదో చూడండి. ఇప్పటికే కొన్నవాళ్లు పారేయక్కర్లేదు, ప్రశ్నలు బాగానే ఉన్నాయి. సొల్యూషన్లు మాత్రం పిల్లలకి చూపించకుండా, కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ చేత దిద్దించండి.