హెచ్‌టూఎస్ నీళ్ల పరీక్ష సీసా: వాడేవాళ్లకు మా మాట

నీళ్లలో మలం కలిసిందేమో చూడటానికి జలజీవన్ మిషన్ కిట్లతో మన పల్లెలకు వస్తున్న చిన్న సీసా ఇది. పోసిన నీళ్లు నల్లబడితే కలిసిందని అనుమానించాలి. లోపల మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క, పక్కన 20 మి.లీ. గీత, అంతే. కరెంటూ ల్యాబూ అక్కర్లేదు. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ప్రకటించిన పద్ధతి.

ఆ మందులో పెప్టోన్, సోడియం థయోసల్ఫేట్, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ అనే ఇనుము లవణం ఉంటాయి. నీళ్లలో మలం కలిస్తే దాంతోపాటు వచ్చే సిట్రోబాక్టర్, సాల్మొనెల్లా, ప్రోటియస్ లాంటి బాక్టీరియాలు పెప్టోన్ తిని పెరిగి, థయోసల్ఫేట్‌లోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) వాయువుగా మారుస్తాయి. అదే కుళ్లిన గుడ్డు వాసన. ఆ వాయువు ఇనుముతో కలిసిందా, ఐరన్ సల్ఫైడ్ నల్లగా దిగుతుంది. పూసపాటిరేగ వైపు రొయ్యల చెరువు ఎండగట్టి అడుగు గీకితే కనబడే నల్లబురదకు రంగు ఇచ్చేదీ ఇదే. అక్కడ గంధకం ఉప్పునీటి సల్ఫేట్ నుంచి వస్తుంది, పనిచేసే బాక్టీరియా వేరు. ఆ బురద ముద్ద గట్టున పెడితే గాలి తగిలి పైపొర తుప్పురంగుకు తిరుగుతుంది.

వాడకంలో ఎక్కువ తప్పులు నీళ్లు పట్టేటప్పుడే. కుళాయి మూతి తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేయాలి. బోరింగైతే కాసేపు కొట్టాకే పట్టాలి. మూత లోపలివైపు వేలు తగిలితే ఆ సీసా పనికిరాదు, వేలి మీది క్రిములే పెరిగి నల్లబడుతుంది. గీత దాకా నింపి, మూత బిగించి, 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంచాలి. వేసవిలో శ్రీకాకుళంలో గది వేడి చాలు. పుష్యమాసంలో సీతంపేట కొండల్లో చాలదు. గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకోవడమే మేలు. పొయ్యి పక్కన మాత్రం వద్దు, బాక్టీరియాలు ఉడికి చస్తాయి. బాగా కలుషితమైన నీళ్లు 18 గంటల్లోపే నల్లబడతాయి, చలిలో 48 గంటలు చూడాలి.

పోసిన నిమిషాల్లోనే నల్లబడితే అది బాక్టీరియా పని కాదు, నీళ్లలో ముందే సల్ఫైడ్ ఉంది. ఏళ్లుగా వాడని బోరు కూడా మలం లేకపోయినా నలుపు చూపించొచ్చు. అసలు లోపం ఇంకోవైపు. మలంలో ఉండే ఈ.కోలై బాక్టీరియా మామూలుగా ఈ వాయువును ఇవ్వదు, కలరా క్రిమీ ఇవ్వదు. వైరస్‌ల సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి సీసా నల్లబడలేదని నుయ్యి మంచిదని రాసేయకండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమా అని తేల్చడానికైతే కొననే వద్దు. ఫ్లోరైడు, సిలికా, లోహాలు దీనికి కనబడవు.

కొనేటప్పుడు గడువు తేదీ చూడండి. కాగితం తడిసి అంటుకుపోయి ఉంటే తీసుకోవద్దు. ఆ ఇనుము లవణం చెమ్మ పీల్చుకుంటుంది, వెలుతురుకూ పాడవుతుంది. మన సముద్రపు గాలిలో విడి సీసాలు అల్మరాలో పెట్టుకోవడం దండగ.

నల్లబడిన సీసాను కడగడానికి బాత్రూమ్ యాసిడ్ పోయకండి. ఐరన్ సల్ఫైడ్ నుంచి ఆ విషవాయువే మళ్లీ లేస్తుంది. బ్లీచింగ్ నీళ్లు పోసి అరగంట ఉంచి, నలుపు విరిగాక పారబోయండి.