మూడు 'స్తు'లు, రెండు త వత్తులు: సీసపు అక్షరాలతో ఏడేళ్లు

ఏడేళ్ల కిందట మా ఊళ్లో ఒక ప్రెస్సు మూసేస్తుంటే తెలుగు టైపు, అంటే అచ్చు వేయడానికి ఒక్కొక్కటిగా పేర్చే సీసపు అక్షరాలు, కొన్నాను. 12 పాయింట్ల సైజుది నాలుగు కేసులు (గడులున్న చెక్క అరలు), దానికి రెట్టింపు 24 పాయింట్లది ఒకటి. పాత సీసం రేటుకే, కిలోల లెక్కన. కేసులు నిండుగా కనబడేసరికి బేరం బాగుందనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే ఒక గడిలో ఉండాల్సినవి ఇంకో గడిలో. వాటిని విడదీయడానికే ఆరు నెలలు పట్టింది.

శుభ్రం చేయడం పెద్ద విద్యేం కాదు. కిరసనాయిలు, మెత్తటి టూత్‌బ్రష్షు, పాత పంచె ముక్క చాలు. మొదట్లో తొందరపడి ఇనప బ్రష్షు వాడి ఇరవై అక్షరాల ముఖాల మీద గీతలు పడేలా చేశాను. గట్టిదనం కోసం సీసంలో ఆంటిమొనీ, తగరం కలుపుతారు, అయినా అది ఇనుముకు ఆగదు. తెల్లటి బూజులాంటి పొడి పట్టినవి మాత్రం వేరే సంగతి. అది సీసం చివికి తయారైన విషపు పొడి. ఊదకూడదు, పొడిగుడ్డతో దులపకూడదు. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవాలి. ముఖం పోయినవాటిని పక్కన పెట్టేశాను. మా చిన్నాడిని ఆ గదిలోకి రానివ్వను, చేతులు సబ్బుతో కడగందే మంచినీళ్లు కూడా ముట్టను.

అక్షరాల కూర్పు నేర్పింది ఒక రిటైరైన కంపోజిటర్ (ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఆయన) గారు. "అక్షరం చూడకు బాబూ, గాడి చూడు" అనేవారు. ప్రతి ముక్కకీ ఒక పక్క చిన్న గాడి ఉంటుంది. అది పైకి ఉండేలా స్టిక్కులో (చేత్తో పట్టుకుని వరస పేర్చే పట్టీలో) పేర్చుకుంటూ పోతే అక్షరాలు తలకిందులుగా, ఎడమ నుంచి కుడికే వస్తాయి. వేలికి గాడి అలవాటైతే కన్ను అంతగా అక్కర్లేదు. నాకు అలవాటవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ ప, వ కలుపుతూనే ఉంటాను.

ప్రతి అక్షరం ముక్క అడుగు నుంచి ముఖం దాకా ఎత్తు 0.918 అంగుళాలు ఉండాలి. అరిగిన అక్షరం కాస్త మసకగా పడుతుంది, కాగితం వెనక పల్చటి కాగితం ముక్క అంటిస్తే తేరుకుంటుంది. అసలు తలనొప్పి వత్తులు. ఇంగ్లిషు టైపు కొన్నవాళ్లకి ఈ బాధ ఇంత ఉండదు. మనకి గుణింతాలు, వత్తులు కలిపి వందల ముక్కలు, అందులో లేని ఒక్కటే ఎప్పుడూ కావలసి వస్తుంది.

మా మేనకోడలి శుభలేఖ పైన "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" అని 24 పాయింట్లలో వేద్దామనుకున్నాను. స్తు మూడుసార్లు. నా దగ్గర త వత్తులు రెండే! ముందు రెండు మాటలు వేసి, వాటిలోంచి ఒక వత్తు ఊడదీసి, మూడో మాట అదే కాగితం మీద రెండో విడతలో వేశాను. రెండు వందల కార్డులు, నాలుగు వందల సార్లు చేతి ప్రెస్సు. మూడో మాట వెంట్రుకవాసి కిందికి దిగింది. ఎవరూ గమనించలేదు. కంపోజిటర్ గారు మాత్రం కార్డు అందుకోగానే కళ్లజోడు పైకి తోసుకుని, "వత్తు తక్కువైందా?" అన్నారు.