విండోస్ లెక్క, లినక్స్ లెక్క

కంప్యూటర్‌ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో విండోస్‌ని ఎంతమంది వాడుతున్నారు, లినక్స్‌ని ఎంతమంది అని తేల్చాలంటే, విండోస్‌ని లెక్కపెట్టడం సులువు. విండోస్‌తో వచ్చే ల్యాప్‌టాప్ అమ్ముడైతే ఒక లైసెన్స్ అమ్ముడైనట్టే, కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి దాన్ని చెరిపేసి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసుకున్నా సరే ఆ అమ్మకం విండోస్ ఖాతాలోనే ఉండిపోతుంది. లినక్స్‌కి చాలావరకు బిల్లే ఉండదు. ఒక్కసారి దించుకున్న ఐఎస్‌ఓ ఫైలుతో (సిస్టమ్ మొత్తం ఉండే ఇన్‌స్టాల్ ఫైలు) కాలేజీ ల్యాబ్ మొత్తానికి ఎక్కించొచ్చు, లేదా ఒకే మనిషి నెలకో డిస్ట్రో, అంటే ఉబుంటు లాంటి లినక్స్ రకం, దించుకుని రెండ్రోజుల్లో తీసేయొచ్చు (ఇలాంటివాళ్ళు లినక్స్ వాడే మనలో తక్కువేం కాదు), కాబట్టి డౌన్‌లోడ్ల సంఖ్య చూసి మురిసిపోవడం దండగ. స్టాట్‌కౌంటర్ లాంటి వెబ్ గణాంకాల సేవలు వెబ్‌పేజీ తెరిచిన బ్రౌజర్ ఏ సిస్టమ్ పేరు చెబితే అదే రాసుకుంటాయి. డెస్క్‌టాప్ వరకు అదే కాస్త నయం, అక్కడ విండోస్‌దే పైచేయి. కానీ బ్రౌజరే తెరవని సర్వర్లు అందులో కనిపించవు. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 యంత్రాల జాబితా టాప్500లోని సూపర్‌కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి లినక్స్‌వే, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నలే (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం).