శెనక్కాయల ఇంట్లో ఎలుకల బోను: నాలుగేళ్ల తర్వాత

మాది అనంతపురం పాతూరులో పాత మిద్దె. విత్తనానికి ఎత్తిపెట్టిన శెనక్కాయల మూటలు జూన్‌లో వాన పడి విత్తే దాకా వెనకగదిలోనే ఉంటాయి. ఇంక ఎలుకలను వేరే పిలవాల్సిన పని లేదు. నాలుగేళ్ల కిందట 180 రూపాయలు పెట్టి ఇనుప తీగల బోను ఒకటి కొన్నాను. కంపెనీ పేరు గట్రా ఏమీ లేదు. రేకు తలుపు, లోపల కొక్కెం, పైన స్ప్రింగు, అంతే.

మొదటి వారం ఒక్కటీ పడలేదు. వేయించిన శెనక్కాయలు కొక్కేనికి గుచ్చి పెట్టేవాణ్ణి. పొద్దున చూస్తే అవి అట్లే ఉండేవి, మూటకు మాత్రం కొత్త చిల్లి. డబ్బులు దండగ అని నేను గొణుక్కుంటుంటే అవ్వ నవ్వింది.

"ఇంటినిండా కాయలు పెట్టుకొని బోన్లో కూడా అవే పెడితే అది యాల వస్తాదిరా? బజ్జీ పెట్టు."

ఉగ్గానిలోకి తెచ్చిన మిరపకాయ బజ్జీ ఒకటి మిగిల్చి, పైపిండి తుంచి గుచ్చాను. రాత్రి రెండింటికి టప్పుమని తలుపు పడింది. లైటు వేస్తే జానెడు ఎలుక, తోక సగమే ఉంది, మీసాలకు శెనగపిండి.

గొప్పంతా బజ్జీదే అనుకున్నాను గానీ, వారం నుంచి బోను అదే చోట ఉండటం కూడా కలిసొచ్చింది. పెద్ద ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం, కొన్ని రోజులు దాని జోలికి పోదు. అందుకే ఇప్పుడు తలుపు పడకుండా కట్టేసి, మూడు నాలుగు రోజులు ఊరికే మేత పెడతాను. తినిపోవడం అలవాటయ్యాక కట్టు విప్పుతాను. బోను గది మధ్యలో పెడితే లాభం లేదు, గోడవారగా అవి నడిచే దారిలోనే ఉండాలి. చిట్టెలుకలకు ఇంత బెరుకు ఉండదు, మొదటి రాత్రే దూరతాయి. కాకపోతే మా బోను తీగల సందుల్లోంచే తిని బయటికి పోయేవి! చుట్టూ సన్న ఇనుప జాలీ బిగించాక గానీ ఆగలేదు.

రెండో వానాకాలానికి స్ప్రింగు తుప్పు పట్టింది. తలుపు సగం పడి ఆగేది. అంగడికి తీసుకుపోతే "వాడకంలో అంతే అన్నా" అన్నాడు. సైకిలు షాపులో ఇరవై రూపాయలకు వేరే స్ప్రింగు వేయించుకున్నాను, నెలకోసారి నూనె చుక్క వేస్తున్నాను.

బోనుకు ముందు వాడినవీ చెప్పాలి. ప్లగ్గులో పెట్టే శబ్దం మిషన్ నాలుగు రోజులు పనిచేసినట్టే అనిపించింది, మూడో వారం దాని కిందే పెంటికలు కనిపించాయి. జిగురు అట్టకు ఎలుక కన్నా ముందు బల్లి అతుక్కుంది. వంటనూనె పోసి విడిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది, మళ్లీ కొనలేదు. బ్రోమాడియోలోన్ బిళ్లలు ఎలుకను చంపుతాయి, కాదనను. కానీ రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతాయి, ఎక్కడ చస్తుందో మన చేతిలో ఉండదు. మా అటక మీద చచ్చింది. వారం రోజులు ఇంట్లో అన్నం సహించలేదు. పిల్లలున్న ఇంట్లో దాంతో ఇంకో టెన్షన్. పొరపాటున తిన్నా లక్షణాలు ఆలస్యంగా కనిపిస్తాయి కాబట్టి, బాగానే ఉన్నారు కదా అని ఊరుకోకుండా ప్యాకెట్టుతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. బూడిదరంగు జింక్ ఫాస్ఫైడ్ పొడికి విరుగుడే లేదు, మా ఇంటి గడప తొక్కనివ్వను.

ఇక పడినదాన్ని ఏం చేయాలన్నది బోనుతో వచ్చే అసలు తలనొప్పి. నీళ్లలో ముంచడానికి నాకు మనసు రాదు. ఆ సగం తోకదాన్ని వీధి చివర ఖాళీ జాగాలో వదిలితే, మూడో నాడు అదే సగం తోక మా దూలం మీద! తర్వాత నుంచి బండి మీద బుక్కరాయసముద్రం దాటించి కంపల్లో వదులుతున్నాను. పక్క చేనోళ్లు చూస్తే తంతారు, తప్పేననుకోండి.

మొదటి ఏడు 31 పడ్డాయి, క్యాలెండరు మీద గీతలు గీసేవాణ్ణి. పోయినేడు ఐదే. ఆ తేడా బోనుది కాదు. స్నానాల గది తూముకు జాలీ కొట్టించాను, తలుపు కింద రేకు వేయించాను, గోడ బొక్కల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయించాను. పెన్సిలు పట్టేంత సందు చాలు చిట్టెలుకకు. మూటలు కూడా నేల మీద నుంచి బల్ల మీదకు ఎక్కాయి. పెంటికలున్న చోట పొడిచీపురు వాడం, బ్లీచింగ్ నీళ్లు చల్లి తడిగుడ్డతో తీస్తాం. ఎలుక జ్వరం వాటి మూత్రం వల్లే వస్తుంది కాబట్టి బోను కడిగేటప్పుడు చేతికి తొడుగు తప్పదు.

కొనేవాళ్లు అంగట్లోనే చూసుకోండి. తీగల సందులో పెన్సిలు దూరితే ఆ బోను వద్దు. కొక్కేన్ని పెన్నుతో పదిసార్లు తాకి తలుపు పదిసార్లూ పూర్తిగా పడుతోందా చూడండి. అంగడతను విసుక్కుంటాడు, విసుక్కోనీ.