ఆంగ్ల పదాలు గుర్తుండాలంటే ఆంకీ: వాడిన మీదట నా అభిప్రాయం

ఇవాళ నేర్చుకున్న ఆంగ్ల పదానికి అర్థం వారం తిరిగేసరికి మరచిపోవడం, పదసంపద పెంచుకోవాలనుకునే చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. ఈ ఇబ్బందిని తీర్చే సాధనాలలో, డేమియన్ ఎల్మ్స్ 2006లో తొలిసారి విడుదల చేసిన ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్ నాకు అన్నింటికంటే నమ్మదగినదిగా తోచింది. కంప్యూటర్లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లో ఆంకీడ్రాయిడ్ రూపంలోనూ ఇది ఉచితం. ఐఫోన్ యాప్‌ను మాత్రం కొనుక్కోవాలి.

ఇందులో ప్రతి కార్డుకూ ముందువైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు ఉంటాయి. జవాబు చూశాక, ఎంత తేలికగా గుర్తొచ్చిందో చెప్పడానికి అగైన్, హార్డ్, గుడ్, ఈజీ అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కుతాము. దానిని బట్టి, తేలికగా గుర్తొచ్చిన పదం మళ్లీ కనిపించే గడువు రోజుల నుంచి వారాలకు, నెలలకు పెరుగుతుంది. తడబడిన పదం త్వరగా తిరిగొస్తుంది. ఒకే కార్డు పదేపదే తప్పుతుంటే దానికి లీచ్ (జలగ) అని గుర్తు వేస్తుంది, అమరికను బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. నాకు ఎంతో నచ్చిన ఏర్పాటు ఇది, ఎందుకంటే లోపం చాలాసార్లు మన జ్ఞాపకశక్తిలో కాక కార్డు రాసిన తీరులోనే ఉంటుంది. అఫెక్ట్, ఎఫెక్ట్ వంటి జంటను ఒకే కార్డులో ఇరికిస్తే ఎప్పటికీ తేలదు. రెండింటికీ వేర్వేరు వాక్యాలు రాసుకుంటే చిక్కు విడిపోతుంది.

ఇతరులు తయారుచేసి పంచుకున్న కార్డుల కట్టలు ఉచితంగా దొరుకుతాయి గానీ, పదం ఒకవైపు, ఒంటరి అర్థం మరొకవైపు ఉన్నవాటిని నేను సిఫారసు చేయను. రిలక్టెంట్ అంటే అయిష్టంగా ఉన్న అని బట్టీ పట్టినవారికి దాని తర్వాత టు వస్తుందని తెలియదు. అదే పదాన్ని దినపత్రికలో కనిపించిన వాక్యంతో సహా ఎక్కించి, పదం ఉన్నచోట ఖాళీ వదిలితే, అర్థంతో పాటు వాడుక కూడా పట్టుబడుతుంది. సొంతంగా కార్డు రాసుకోవడానికి సమయం పడుతుంది, నిజమే. కానీ నేర్చుకోవడంలో సగం పని ఆ రాతలోనే పూర్తవుతుంది.

రోజుకు ఇరవై కొత్త కార్డులన్న ముందస్తు అమరికను వెంటనే తగ్గించుకోవాలి, లేకపోతే కొద్ది వారాలకే పునశ్చరణ కుప్ప పడుతుంది. సెట్టింగులు కొత్తవారికి గందరగోళంగా ఉంటాయి, తెర కూడా కంటికి ఇంపుగా ఉండదు. నెలలో పరీక్ష ఉన్నవారికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. బ్యాంకు ఉద్యోగాలకో, విదేశీ చదువులకో కనీసం ఆరు నెలల ముందు నుంచి సిద్ధమయ్యేవారు మాత్రం రోజుకు ఐదు పదాలతో నిస్సందేహంగా మొదలుపెట్టవచ్చు.