తలకోనా, నేలపట్టా?

సంక్రాంతికి మా ఇంటికొచ్చే చుట్టాలు ఏటా ఒకటే అడుగుతారు: తిరుపతి నుంచి ఒక్కరోజులో వెళ్లి అడవి జంతువుల్ని చూసి రావాలంటే ఎక్కడికి పోవాలి? అందరి నోటా తలకోన పేరే వస్తుంది. నేను మాత్రం వెంట చిన్నపిల్లలు ఉన్నారా అని అడుగుతాను. ఉంటే పక్షులుండే నేలపట్టు చెరువుకు పొమ్మంటాను.

తలకోన గొప్పదనం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. శేషాచలం కొండల్లో 270 అడుగుల జలపాతం, శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోని దట్టమైన అడవి. భాకరాపేట మీదుగా 60 కిలోమీటర్ల లోపే. చిరుత, ఎలుగుబంటి, దేవాంగపిల్లి, బంగారుబల్లి అన్నీ ఉన్న అడవే. అయితే వీటిలో చాలావరకు చీకటి పడ్డాక తిరిగేవి. బంగారుబల్లి పగలంతా రాతి నెర్రెల్లో ఉంటుంది, దేవాంగపిల్లి కొమ్మల గుబురులో ముడుచుకుని నిద్రపోతుంది. పది గంటలకు కారు దిగినవాళ్లకు కనిపించేవి కోతులే. ఆదివారమైతే స్పీకర్ల మోతకు పిట్ట కూడా దగ్గరికి రాదు. అడవిలోకి వచ్చి ఆ మోత ఎందుకో నాకు ఎన్నటికీ అర్థం కాదు, కడుపు మండుతుంది.

నేలపట్టు వేరే సంగతి. నాయుడుపేట దాటాక దొరవారిసత్రం దగ్గర, దూరం రొంత ఎక్కువే. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువు నీళ్లలో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. ఒక్కో చెట్టు మీద ఎన్ని గూళ్లో! వెతకాల్సిన పని లేదు, కళ్లెదుటే కాపురాలు. మొదటిసారి మా పాప బైనాక్యులర్ పెట్టుకుని ఒక్కసారిగా అరిచింది, "నాన్నా, అది పిల్లను మింగేస్తోంది!" అని. తీరా చూస్తే పిల్లే తల్లి గొంతు సంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తింటోంది. ఆ తల్లి రెక్కలు సగం విప్పి, తూలిపోకుండా నిలదొక్కుకుంటోంది. పాప అరగంట అక్కడి నుంచి కదల్లేదు.

నేలపట్టులో నాకు నచ్చేది ఇంకొకటి, ఊరివాళ్లకూ పక్షులకూ ఉన్న పొత్తు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు ఎరువు. అందుకే పక్షులొస్తే పంట బాగుంటుందని అక్కడివాళ్ల నమ్మకం, వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. కాకపోతే వానలు మొహం చాటేసిన ఏడాది చెరువులో నీళ్లుండవు, పక్షులూ నిలవవు. ఎండాకాలం అసలు పోవద్దు. సూళ్లూరుపేట దాకా వెళ్తే శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు) కూడా చూడొచ్చు.

పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యంలో ఏనుగులు చూద్దామనేవాళ్లూ ఉన్నారు. వద్దు. అక్కడ ఏనుగు వచ్చిందంటే రైతుకు పంట పోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. దాన్ని చూడ్డానికి వేడుకగా వెళ్లడం నాకు మనసొప్పదు.

పెద్దవాళ్లే వెళ్తూ, ఓపికగా కూర్చోగలిగితే మాత్రం తలకోనే మేలు. వారం మధ్యలో, తెల్లారీ తెల్లారకముందే చేరుకోవాలి. జలపాతం దారిలో ఒక బండ చూసుకుని మాట్లాడకుండా కూర్చోవాలి. పోయిన కార్తీకంలో నేను అలా కూర్చుంటే ముప్పావు గంటకు పైన కొమ్మ కదిలింది. బెట్టుడుత, అంటే అడవిలో ఉండే పెద్ద ఉడుత, వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, ముందు చేతుల్లో ఏదో కాయ తిప్పుతూ కొరుకుతోంది. పొట్టు వచ్చి నా మోకాలి మీద పడింది.